తెరవకుండా చెప్పు

మొన్న నాయన సంవత్సరీకానికి ఊరికి వెళ్ళాం. మాది ధర్మవరానికి దగ్గర్లో ఒక నేతపల్లె. అటక మీది ఇత్తడి గంగాళం దింపుతుంటే దాని వెనక ఇరుక్కున్న గోనెసంచి ఒకటి జారి నేల మీద పడింది. మూతి కట్టిన దారం ఎప్పుడో చివికిపోయినట్టుంది. పడగానే తెగి, లోపలి జాకార్డ్ అట్టలు, మగ్గం మీద డిజైను నేయించే చిల్లుల అట్టలు, గదంతా పరుచుకున్నాయి. ఒకదానికొకటి దారంతో కుట్టిన పొడుగాటి వరస, మడతలు మడతలుగా.

ముందు తగిలింది వాసన. పాత అట్ట, దుమ్ము, జాకార్డ్ పెట్టెకు పూసే నూనె, వాటన్నిటి అడుగున పల్చగా పట్టు వాసన. పట్టుకు వాసన ఉంటుందని మగ్గమున్న ఇంట్లో పుట్టినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ముడి పట్టును సబ్బూ సోడా వేసి ఉడకబెట్టి జిగురు తీస్తారు. ఆ ఉడుకు వాసన మా ఇంటి గోడల్లో ఉండేది, మా బట్టల్లో ఉండేది. గంగాళం చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను.

మా చిన్నమ్మాయి పరుగెత్తుకొచ్చి ఒక అట్టను కిటికీ వైపు ఎత్తి చూసింది. చిల్లుల్లోంచి వెలుతురు చుక్కలు చుక్కలుగా దాని ముఖం మీద పడింది. "నాన్నా, ఇది నా నవోదయ బుక్కులో బొమ్మ మాదిరే ఉంది" అంది.

వంటింటి గడపలో కూర్చుని కూరగాయలు తరుగుతున్న అక్క తలెత్తి దాని వైపే చూస్తూ ఉండిపోయింది. ముప్పై ఏళ్ళకు పైనే అయింది, ఇంచుమించు ఇదే మాట అక్క నోట విని.

*

మా ఇంట్లో ముందు గదంతా మగ్గమే. గుంత మగ్గం. నాయన గుంతలోకి కాళ్ళు దించుకుని కూర్చుంటే నడుము పైన మనిషే మాకు కనిపించేవాడు. కింద చెక్క తొక్కినప్పుడల్లా పైన జాకార్డ్‌లో ఒక అట్ట కిర్రుమని తిరిగేది. అడ్డదారం మోసే నాడె సర్రున అటు నుంచి ఇటు వచ్చేది. ఆ దారాన్ని దగ్గరికి కొట్టే అచ్చు దబ్బున పడేది. ఈ మూడు చప్పుళ్ళ మధ్యే అన్నం తిన్నాం, నిద్రపోయాం, ఎక్కాలు నేర్చుకున్నాం. మగ్గం ఉన్నట్టుండి ఆగిందంటే దారం తెగిందని అర్థం. అమ్మ పెరట్లో ఉన్నా సరే "ఏమైంది?" అని కేకేసేది.

ఆ అట్టల సంగతి కొంచెం చెప్పాలి. గ్రాఫు కాగితం మీద గడులు నింపి డిజైను వేస్తారు. దాన్ని చూసి అట్టలకు చిల్లులు కొడతారు. చిల్లు ఉన్న చోట సూది లోపలికి దూరుతుంది, దాని కొక్కెం పడుగు దారాన్ని, అంటే నిలువు దారాన్ని, పైకి లేపుతుంది. చిల్లు లేని చోట దారం లేవదు. లేచిన దారాల కింద నుంచి జరీ పోతుంది. అట్ట తర్వాత అట్ట తిరిగేకొద్దీ గుడ్డ మీద ముందు హంస కాలు, తర్వాత కడుపు, తర్వాత మెడ వస్తాయి. "చిల్లుంటే లేస్తుంది, లేకుంటే లేవదు, అంతే నాయనా" అనేవాడు నాయన. ఇంతకంటే సులువుగా ఆ సంగతి చెప్పినవాళ్ళను నేను ఇంజినీరింగ్‌లో కూడా చూడలేదు.

చీర ఒంటికి ఒక రంగు, రెండు అంచులకు వేరే రంగు పెట్టి నేసేటప్పుడు మూడు నాడెలు ఉంటాయి. పక్కన ఇంకొకరు కూర్చుని అంచు నాడె వేయాలి. మా ఇంట్లో ఆ ఇంకొకరు అక్క. బడి నుంచి రాగానే సంచి మేకుకు తగిలించి, కాళ్ళు కడుక్కుని నాయన పక్కన కూర్చునేది. నేను అమ్మ దగ్గర, కండెలు చుట్టే రాట్నం పక్కన.

*

నవోదయ అనే పేరు మా ఊరికి తెచ్చింది బడి సారు. 1986 విద్యా విధానంతో జిల్లాకొకటి చొప్పున పెట్టిన బడులు. మా జిల్లాది లేపాక్షిలో. ఇప్పుడైతే ధర్మవరం, లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళాయి గానీ అప్పటికి అంతా అనంతపురం జిల్లానే. ఐదో తరగతి పిల్లలు పరీక్ష రాయాలి. నెగ్గితే ఆరు నుంచి పన్నెండు దాకా చదువు, తిండి, బట్టలు, పుస్తకాలు అన్నీ వాళ్ళే చూసుకుంటారు. సీట్లలో ముప్పావు వంతు పల్లె పిల్లలకు, మూడో వంతు ఆడపిల్లలకు. అంతకు ముందు మా పక్క మంచి బడి అంటే హిందూపురం దగ్గరి కొడిగెనహళ్ళి గురుకులం పేరే చెప్పేవారు. 1972లో పెట్టినప్పటి నుంచి దానికి అంత పేరు. నవోదయ దాని తర్వాత వచ్చిన రెండో ఆశ.

సారు అక్క పేరు రాసి ఫారం నింపాడు. నాయన ధర్మవరంలో చీర ఇచ్చి వస్తూ పాత పుస్తకాల బండి మీద ఒక గైడు కొన్నాడు. కొత్తది కొనే పరిస్థితి కాదు మాది. దానికి పై అట్ట లేదు, ముందు పేజీలు లేవు. నేరుగా లెక్కలతో మొదలయ్యేది: కసాగు, గసాభా, భిన్నాలు, లాభనష్టాలు. తర్వాత తెలుగు గద్యభాగాలు. విషయసూచిక పేజీ కూడా పోయింది కాబట్టి పోయిందేమిటో మాకెవరికీ తెలియలేదు. ఉన్నదంతా అక్క మూడుసార్లు చేసింది. అంచు నాడె వేస్తూ పందొమ్మిదో ఎక్కం అప్పజెప్పేది. తప్పితే నాయన మగ్గం ఆపేవాడు. సరిగ్గా చెప్పాక మళ్ళీ చెక్క తొక్కేవాడు.

పరీక్ష రోజు నన్నూ వెంట తీసుకెళ్ళారు. గేటు బయట వేపచెట్టు కింద నాయన, నేను. గంట కొట్టాక పిల్లలందరూ అరుచుకుంటూ వచ్చారు. అక్క చివర్లో వచ్చింది. ఏడవలేదు. నాయన చేయి పట్టుకుని, "నాయనా, సగం బొమ్మలే ఇచ్చినారు. మన అట్టల మాదిరి బొమ్మలు. అవి మన పుస్తకంలో లేవు" అంది.

నాయన ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక గైడు దీపం దగ్గరికి తీసుకెళ్ళి మొదటి పేజీ కింద ఉన్న అంకె చూశాడు. 91. అంతకు ముందున్న 90 పేజీలూ బొమ్మలే అయుంటాయి.

ఫలితాల్లో అక్క పేరు లేదు. నవోదయ పరీక్ష ఒక్కసారే, రాసినవాళ్ళు మళ్ళీ రాయడానికి లేదు. ఆ సంగతి చెప్పడానికి సారు ఇంటికొచ్చాడు. అమ్మ ఇచ్చిన టీ గ్లాసు పట్టుకునే కూర్చున్నాడు చాలాసేపు. నాయన ఆ రాత్రి మగ్గంలోకి దిగలేదు. పడుగు మీద తెల్లటి గుడ్డ కప్పి, దీపం చిన్నది చేసి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కొన్న రోజు ఆ పేజీలు చూసుకోలేదన్న బాధ ఆయనకు చివరిదాకా పోలేదు.

*

రెండేళ్ళకు నా వంతు వచ్చింది.

పరీక్ష రాసి వచ్చిన రాత్రే అక్క తనకు గుర్తున్న బొమ్మలన్నీ గీసి పెట్టుకుందని అప్పుడు తెలిసింది. పాడైపోయిన గ్రాఫు కాగితాల వెనక వైపు పెన్సిలుతో గీసింది. మొత్తం 22 బొమ్మలు. కాగితాలను మధ్యకు మడిచి, మిగిలిపోయిన ఎర్ర పట్టుదారంతో కుట్టి పుస్తకం చేసింది. ఒక్కో బొమ్మ పక్కన ఒకటి, రెండు, మూడు, నాలుగు అని జవాబుల బొమ్మలు, కింద జవాబు రాయడానికి ఒక గడి. అన్ని గడులూ నింపింది. ఒక్కటి మాత్రం ఖాళీ. అదేమని అడిగితే పేజీ తిప్పేసేది.

అన్నిటికంటే నాకు కష్టమైంది కాగితం మడత బొమ్మ. చదరపు కాగితాన్ని ఒకసారి మడుస్తారు, రెండోసారి మడుస్తారు, ఒక చోట చిల్లు కొడతారు. తెరిస్తే ఎట్లా ఉంటుంది? కళ్ళు మూసుకుని ఆలోచించినా నాకు అందేది కాదు. అక్క పాత నోటు పుస్తకం నుంచి కాగితం చింపి, చదరంగా కత్తిరించి, నా ఎదురుగానే మడిచి దబ్బనంతో పొడిచేది. వెంటనే అరచేయి కింద దాచేసేది.

"తెరవకుండా చెప్పు."

"నాలుగు."

"యాడ యాడ?"

అక్కడే నేను ఆగిపోయేవాణ్ణి. ఎన్ని అంటే చెప్పగలను, ఎక్కడ అంటే చెప్పలేను. అక్క విసుక్కునేది కాదు. "మొదలు ఒక మడత విప్పు మనసులో. చిల్లు అద్దంలో మాదిరి అవతలికి దూకుతుంది. ఇప్పుడు రెండున్నాయా? ఇంకో మడత విప్పు. రెండూ దూకుతాయి" అనేది. తర్వాత మడత మీదే పొడిచేది. ఈసారి నాలుగు కాదు, రెండే. మడతలు రెండూ కలిసే మూలలో పొడిస్తే తెరిచాక నడిమధ్య ఒకే ఒక్క చిల్లు. మొదటిసారి చూసినప్పుడు నాకది గారడీలా ఉంది. చెప్పేదాకా కాగితం నా చేతికి ఇచ్చేది కాదు. తప్పు చెబితే కూడా ఇచ్చేది కాదు, మళ్ళీ ఆలోచించమనేది. పొద్దుపోయేసరికి గడప దగ్గర చిల్లుల కాగితాలు గుట్టగా పడేవి. అవ్వ వాటిని పొయ్యి రాజేయడానికి పట్టుకెళ్ళేది.

అద్దం బొమ్మలకు నాయన గడ్డం గీసుకునే పగిలిన అద్దం ముక్క చాలింది. ఇంకా చెప్పాలంటే అది కూడా అక్కర్లేదు. మగ్గం మీద ఉన్న చీరే చూపించేది. ఎడమ అంచులో హంస కుడికి చూస్తోంది, కుడి అంచులో హంస ఎడమకు చూస్తోంది. "వీటి మధ్యన అద్దం నిలబెట్టినారనుకో" అనేది.

లెక్కలు మగ్గం దగ్గరే జరిగేవి. ఒకరోజు అక్క ఇచ్చిన లెక్క ఇప్పటికీ గుర్తుంది. ఒక వార్పులో, అంటే మగ్గానికి ఒకసారి ఎక్కించే పడుగులో, నాలుగు చీరలు. చీరకు ఐదు రోజులు. కొత్త వార్పు అతకడానికి ముందు ఒక రోజు. ఏడు వారాల్లో ఎన్ని చీరలు దిగుతాయి? నేను పలక మీద వేసి వేసి తొమ్మిది అన్నాను. గుంతలోంచి నాయన, "ఎనిమిదే. నడాన పండగుంది కదా" అన్నాడు. "పరీక్షలో పండగలుండవు నాయనా" అంది అక్క. నాయన కాసేపు ఆలోచించి, "అయితే తొమ్మిదే" అని ఒప్పుకున్నాడు.

గద్యభాగాలకు ఆ పాత గైడులోవి అయిపోయాక బొరుగుల పొట్లాల కాగితాలు పనికొచ్చాయి. అంగడి నుంచి బొరుగులు తేగానే అక్క వాటిని గిన్నెలో పోసి, కాగితం చదును చేసి నా ముందు పెట్టేది. సగం చినిగిన పేపరు ముక్కే చదివించి నాలుగు ప్రశ్నలు అడిగేది. కాగితంలో ఉన్నదే చెప్పాలి, నాకు తెలిసింది చెప్పకూడదు. "నీకు తెలుసని కాదు, దాంట్లో ఉందా లేదా?" అనేది. ఉద్యోగంలో చేరాక ఎన్నో ఫైళ్ళు చదివాను. ఆ ప్రశ్న వేసుకోకుండా ఒక్కటీ మూయలేదు.

అప్పటికి అక్కకు పన్నెండేళ్ళు దాటాయంతే.

*

పరీక్ష బాగా రాశాను. దాని గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. మడత బొమ్మలు వచ్చినప్పుడు అక్క అరచేయి కళ్ళ ముందు కనిపించింది, ఆ అరచేయి ఎత్తినట్టు అనుకుని జవాబులు వేశాను. ఫలితం వచ్చిన రోజు సారు సైకిలు మీద వచ్చి వీధిలోంచే కేకేశాడు. అక్క అంచు నాడె చేతిలో పట్టుకునే బయటికి పరుగెత్తింది. నాడె వెంట దారం సాగి తెగింది. నాయన ఏమీ అనలేదు.

చేరే రోజుకు షావుకారుకు ఇవ్వాల్సిన చీర మగ్గం మీద ఉంది. అందుకే అక్క రాలేదు. అమ్మతో కలిసి ఆ రెండు రోజులు మగ్గం నడిపింది. నాయన, నేను ట్రంకు పెట్టె మోసుకుని ధర్మవరంలో ప్యాసింజర్ ఎక్కాం. పెనుకొండ కొండ కనిపించేదాకా నేను మాట్లాడలేదు. హిందూపురంలో దిగి బస్సు పట్టుకున్నాం.

బడికి వెళ్ళే ముందు గుడికి వెళ్దామన్నాడు నాయన. ఒకే రాతిలో చెక్కిన నందిని చూశాం. పదిహేను అడుగుల ఎత్తు, ఇరవై ఏడు అడుగుల పొడవు. నాయన దాని మెడలో గంటల పట్టీ వైపు చూస్తూ చుట్టూ తిరిగాడు. వీరభద్ర స్వామి గుళ్ళో జనమంతా వేలాడే స్తంభం దగ్గర గుమిగూడి, కింద నుంచి కండువాలు దూర్చి తీస్తున్నారు. నాయన అక్కడ ఎక్కువసేపు ఆగలేదు. వెనక్కి నడిచి లతా మంటపం చేరాడు. అక్కడ స్తంభాల నిండా లతలు, పూలు, పక్షులు, గళ్ళు. ఒక స్తంభం మీది పని ఇంకో స్తంభం మీద లేదు. మా వైపు చీరల అంచుల్లో ఆ లతలు ఎన్నో ఏళ్ళుగా తిరుగుతూనే ఉన్నాయని నాకు అప్పటికి తెలియదు. నాయనకు తెలుసు. వినడం వేరు, చూడడం వేరు కదా.

ఒక స్తంభం ముందు నిలబడిపోయాడు. బొటనవేలు రాతి మీద పెట్టి, ఒక్కో మలుపు దగ్గర ఆపుతూ లెక్కపెట్టాడు. పెదవులు కదులుతున్నాయి. "ఇది 240 కొక్కేల జాకార్డ్‌కు పడుతుంది" అన్నాడు నాతో, నేనేదో పెద్ద నేతగాణ్ణయినట్టు. తర్వాత నా సంచిలోంచి పెన్సిలు అడిగి తీసుకున్నాడు. బడికి ఏమేం తేవాలో రాసి పంపిన కాగితం వెనక ఆ లత గీశాడు. వంకర్లు సరిగా రాలేదు. చెరిపి మళ్ళీ గీశాడు. పక్కన ఇంకో స్తంభం, మళ్ళీ ఇంకోటి. కాగితం నిండాక మడిచి బొడ్లో పెట్టుకున్నాడు.

"అక్కకు చూపిద్దాం" అన్నాడు.

సాయంత్రం నన్ను హాస్టల్లో వదిలి వెళ్ళేటప్పుడు నా తల మీద చేయి పెట్టాడు. రెండో చేయి బొడ్లో కాగితం మీదే ఉంది.

*

బడిలో తొలి నెలలు కష్టంగానే గడిచాయి. రాత్రిపూట మగ్గం చప్పుడు లేక నిద్ర పట్టేది కాదు. ఇంటి నుంచి పదిహేను రోజులకొక కార్డు వచ్చేది. అక్కే రాసేది. క్షేమ సమాచారం నాలుగు వాక్యాలు, కింద మూలలో ఒక చిన్న మడత బొమ్మ. జవాబు నా కార్డులో రాయాలి. పదో తరగతి దాకా ఆ బొమ్మలు ఆగలేదు. ఇప్పుడా కార్డులు ఒక్కటీ నా దగ్గర లేవు. ఏ సెలవుల్లో, ఏ గది ఖాళీ చేసేటప్పుడు పోగొట్టుకున్నానో. తలుచుకుంటే కడుపులో దేవినట్టుంటుంది.

అక్క మండలం హైస్కూల్లో పదో తరగతి పాసయింది. ఆ పైన చదవలేదు. నాయన తెచ్చిన కాగితం చూసి ఆ లతను గ్రాఫు మీదికి ఎక్కించింది అక్కే. గడి గడీ లెక్కపెట్టి ఎర్ర సిరాతో నింపింది. అట్టలు కొట్టించి నాయన నేసిన ఆ అంచు చీరను షావుకారు మళ్ళీ మళ్ళీ అడిగి నేయించుకున్నాడు. పెళ్ళయి ధర్మవరం వెళ్ళాక అక్క ఎందరికో డిజైన్లు గీసి ఇచ్చింది. తర్వాత గ్రాఫు పని కంప్యూటర్లోకి పోయింది, పవర్‌లూమ్‌లు పెరిగాయి, చేతి మగ్గాల ఇళ్ళు ఒక్కొక్కటే నిశ్శబ్దమయ్యాయి. నాయన కాళ్ళ నొప్పులతో మగ్గం మానేశాక గుంత పూడ్చి బండలు పరిచాం. ఆ గదిలో నడిస్తే ఇప్పటికీ నా కాలు ఆ చోటు తప్పించే పోతుంది.

*

మా చిన్నమ్మాయి ఈ ఏడు నవోదయ రాస్తోంది. 80 ప్రశ్నలు, రెండు గంటలు. 100 మార్కుల్లో 50 బొమ్మలవే. ఓఎంఆర్ షీటు మీద బాల్ పెన్నుతో సున్నాలు నింపాలి. అనంతపురంలో కోచింగ్ ఇచ్చేవాళ్ళకు కొదవ లేదు. పిల్లను అక్కడే హాస్టల్లో ఉంచమని ఒకరిద్దరు చెప్పారు. పరీక్ష కోసం పదేళ్ళ పిల్లను ఇంటికి దూరం చేయడం నాకు మనసొప్పలేదు. సాయంత్రాలు నేనే చెబుతున్నాను. అన్నీ వస్తాయి దానికి. మడత బొమ్మల దగ్గర మాత్రం ఎన్ని చిల్లులో చెబుతుంది, ఎక్కడో చెప్పలేదు. ఫోన్లో వీడియోలు చూపించాను. వాటిలో కాగితం దానంతట అదే తెరుచుకుంటుంది, పిల్ల చూసి తల ఊపుతుంది. మళ్ళీ అదే తప్పు.

సంవత్సరీకం పనులన్నీ అయ్యాక, భోజనాలు ముగిశాక, అక్క ముందు గదిలో బండల మీద కూర్చుంది. దాన్ని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుంది. క్యాలెండరు కాగితం చింపి చదరం చేసింది, మడిచింది, మళ్ళీ మడిచింది. దబ్బనం కోసం నేను వెతికేలోపే జడలోంచి పిన్ను తీసి పొడిచింది. అరచేయి మూసింది.

"తెరవకుండా చెప్పు."

"నాలుగత్తా."

"యాడ యాడ?"

నేను అక్కడ ఉండలేక అట్టలు సర్దే పనిలో పడ్డాను. అవి లేపాక్షి లత అట్టలే. కుట్లు కొన్ని తెగాయి గానీ వరస చెడలేదు. మూట అడుగున చేతికి మెత్తగా తగిలింది. గ్రాఫు కాగితాలు, ఎర్ర పట్టుదారం కుట్టు. దారం రంగు పోలేదు. పెన్సిలు గీతలు పలచబడ్డాయి, కానీ కనిపిస్తున్నాయి. ఆ పుస్తకం ఇంకా ఉందని నాకు తెలియదు. దాచింది అక్కో నాయనో అడగలేదు.

ఇద్దరి మధ్యకు తీసుకెళ్ళి పెట్టాను. అక్క చేతులు తుడుచుకుని పేజీలు తిప్పింది. ఒక చోట నా కూతురు వేలు పెట్టింది. "అత్తా, దీనికి జవాబు రాయలేదేం?"

అక్క ఆ బొమ్మను చాలాసేపు చూసింది.

"మూడోది" అంది. "ఆ పొద్దు బస్సులో వచ్చేటప్పుడే తెలిసింది నాకు. నాయన పక్కనే కూర్చోనున్నాడు. ఏం చెప్పాలని, చెప్పలేదు."

నా కూతురు పెన్ను కోసం నా జేబులో చేయి పెట్టింది.